జపాను వార్తలు

గెలిచిన వారానికే ఓబులరెడ్డికి పేపరు పిచ్చి పట్టుకుంది.

ఆయన గెలిచింది ఏ దేశాన్నో కాదు, పక్కనున్న దిగువూరిని. అవతల ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. ఇవతల కోడుమూరు దారిలో ఎగువూరు, దిగువూరు పొలం గట్ల దగ్గర మొదలుపెట్టి మూడేళ్ళు కొట్టుకున్నాయి. మధ్యలో రెడ్డి ఏడాదిపాటు జైలుకూ పోయొచ్చాడు. చివరికి రెడ్డి మనుషులు దిగువూరి మీద పడి సాలెవాళ్ళ మగ్గాలు విరగ్గొట్టారు. ఉన్న ఒక్క మంచినీళ్ళ బావిని బండరాళ్ళతో పూడ్చేశారు. దిగువూరు చేతులెత్తేసింది.

అప్పటినుంచి ఎగువూరి బడిపంతులు గురుస్వామికి కొత్త పని పడింది. రోజూ సాయంత్రం రెడ్డి ఇంటికి వెళ్ళి పేపరు చదివి వినిపించాలి. రెడ్డి వేలిముద్ర మనిషని ఊరంతా ఎరుగుదురు.

గురుస్వామికి ఒళ్ళు మండేది. అతని అక్క సుబ్బక్కను ఇచ్చింది దిగువూరికే. ఏడో నెల కడుపుతో ఆమె రెండు మైళ్ళు నడిచి వంక ఇసుకలో తవ్విన చెలమ నీళ్ళు తోడుకొస్తోంది. ఈ మహానుభావుడికేమో ప్రపంచ వార్తలు కావాలి!

ఒకరోజు పేపర్లో, జపానును ఏలుతున్న అమెరికా జనరల్ బొమ్మ పడింది. కింద రెండే లైన్లు. ఏదో కవాతు చూశాడట. గురుస్వామి గొంతు సవరించుకుని, లేని మూడో లైను కూడా చదివేశాడు.

"ఓడిన ప్రజలకు ముందు తిండిగింజలు పంచమని జనరల్ ఆజ్ఞాపించారు."



రెడ్డి మీసం దువ్వుకున్నాడు. "గెల్చినోడే పంచినాడా? వాని మనుషులు నవ్వలేదా?"

"నవ్వలేదు రెడ్డీ. ఇంకా ఎక్కువ భయపడినారంట."

మర్నాడు రెండు బండ్ల జొన్నలు దిగువూరికి పోయాయి. "అంత పెద్ద జనరలే ఇస్తాండాడంట. నేను ఇయ్యకుంటే బాగుంటాదా?" అని రెడ్డి నలుగురిలో గట్టిగానే అన్నాడు. ఆయన మనుషులు కిక్కురుమనలేదు.

ఇక గురుస్వామికి పట్టపగ్గాలు లేవు. జపానులో జనరల్ మగ్గాలు చేయించి ఇచ్చాడు. దిగువూరిలోనూ మగ్గాలు లేచాయి. ఇంత తెలివితక్కువవాడు మూడేళ్ళ కొట్లాట ఎట్లా గెలిచాడబ్బా అనిపించేది.

"ఏం అయ్యవారూ," ఒకరోజు రెడ్డే అడిగాడు, "ఆ జనరల్ బావుల సంగతి ఏమీ సెప్పలేదా?"

గురుస్వామికి నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించి పేజీ తిప్పాడు. సబ్బు ప్రకటన మీద వేలు పెట్టాడు.

"సెప్పకేమి? ఈడ సూడు రెడ్డీ. పూడ్చినోళ్ళే రాళ్ళు తియ్యాలని ఉండాది."

రెడ్డి వంగి చూశాడు. శానాసేపు చూశాడు. "ఔనప్పా, ఉండాది," అన్నాడు.

పదిరోజుల్లో బావి బాగయింది. సుబ్బక్క ఇంటి ముందరే కడవ నింపుకుంటుంటే గురుస్వామి నిలబడి ఏడ్చేశాడు.

ఆ సంబరంలోనే చలిజ్వరం తగిలి నాలుగు రోజులు మంచం పట్టాడు. ఐదోరోజు తెలివి రాగానే పేపరు గుర్తొచ్చింది. ఈ నాలుగు రోజులూ రెడ్డికి పేపరు ఎవరు చదివారు? కరణం గానీ చదివాడా, జపాను బండారం బయటపడినట్టే. బావిలో మళ్ళీ రాళ్ళు పడతాయి. తన ఎముకలు సున్నమవుతాయి.

పడుతూ లేస్తూ రెడ్డి ఇంటికి చేరాడు. రెడ్డి లేడు. ఆయన భార్య రామలక్ష్మమ్మ వసారాలో జొన్నలు చెరుగుతోంది.

"అమ్మా, జరమొచ్చి రాలేకపోతిని. పేపరు ఎవరు సదివినారు?"

ఆమె చేట ఆపలేదు.

"ఇంకెవరు సదువుతారు అయ్యవారూ? జైల్లో సదువు నేర్చినప్పటినించీ ఆయప్పే దినామూ పొద్దున్నే పేపరంతా సదువుకుంటాడు, సదివినాకనే గదా సాయంత్రానికి మీకోసమని మడిచి పెట్టేది!"