పట్టాలు లేని బొమ్మ

యులాలియా విసిరిన ఎంగిలి నీళ్లు సరిగ్గా సత్రంలో దిగిన ఆ బొమ్మలాయన బూట్ల మీద పడ్డాయి.

కావాలనే విసిరింది.

"చూసుకోలేదయ్యా," అంది, చూస్తూనే.

అతను నెరిసిన గడ్డం తడుముకుని నవ్వి, మళ్లీ లోయవైపు తిరిగి కుంచె అందుకున్నాడు.

కిందటేడు రైలు కంపెనీ పంపిన చిత్రకారుడొకడు వచ్చి, లోయ మీది వంతెననీ దాని మీద పొగబండినీ బొమ్మ నిండా వేసుకుపోయాడు. ఇతనూ ఆ బాపతేనని ఆమె అనుమానం. అందుకే పూటపూటా చల్లారిన చిక్కుడుగింజలూ, నిన్నటి మొక్కజొన్న రొట్టెలూ అతని ముందు పడేస్తోంది.

ఒకప్పుడు ఆమె సత్రం ముందు కంచరగాడిదలు బారులు తీరేవి. వెరాక్రూస్ రేవులో దిగిన సరుకు ఆ కొండదారినే రాజధానికి ఎక్కేది. ఆమె భర్త క్రెసెన్సియో ఆ గాడిదల్ని తోలేవాడు. మెడలో గంటతో తెల్ల ఆడగుర్రం ముందు నడిస్తే, ఆ చప్పుడు పట్టుకుని గాడిదలన్నీ వెనక వచ్చేవి.

రైలొచ్చింది. దారిలో గడ్డి మొలిచింది. పట్టాలు లేని చోటు వెతుక్కుంటూ ఉత్తరానికి వెళ్లిన క్రెసెన్సియో అక్కడే జబ్బుచేసి పోయాడు.

ఇప్పటికీ పొద్దువాలితే ఆమె చెవులు ఆ గంట కోసం వెతుకుతాయి.

ఆ సాయంత్రం గిన్నె పెట్టడానికి వచ్చి, బొమ్మలోకి తొంగి చూసింది.

"ఏమయ్యా, కళ్లు కనపడవా? అంత వంతెన ఏదీ?"

"వెయ్యలేదమ్మా."

"కంపెనీవాళ్లు ఊరుకుంటారా?"

"నన్నెవరూ పంపలేదు. పాత దారి వేసుకుందామని వచ్చాను. ఆ నల్లరాతి దగ్గరే కదూ మలుపు తిరిగేది?"

ఆమె గడప మీద కూలబడింది. ఆ దారి గురించి ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో.

"అయితే మా ఆయన్ని కూడా వెయ్యి," అంది నవ్వులాటకి. "ఆయన ముఖం నాకే చెరిగిపోతోందయ్యా. ముక్కు గుర్తొస్తే కళ్లు గుర్తురావు. చూడని మనిషిని నువ్వు మాత్రం ఎలా వేస్తావులే!"

అతను కుంచె తుడవసాగాడు.

"అంతా రైలుదారి కొలవడానికొచ్చిన ఆ సర్వేవాడి వల్ల! కొండమీద జ్వరమొచ్చి పడుంటే మా ఆయనే కింద రేవుకి చేర్చి బతికించాడు. వాడేం చేశాడు? మా బతుకుల మీదుగా గీత గీశాడు. వాడి చెయ్యి పడిపోనూ!"

"పడిపోవాల్సిందే," అన్నాడతను మెల్లగా.

మర్నాడు సంచీ భుజాన వేసుకున్నాడు.

"రంగు ఇంకా పచ్చిగా ఉందమ్మా. బొమ్మని లోపల గోడవైపు తిప్పి పెట్టాను."

"మళ్లీ ఎప్పుడొచ్చి పట్టుకెళతావు?"

అతను టోపీ తీసి, తల వంచి, స్టేషన్ వైపు నడిచాడు.

బండి కూత వినిపించాక ఆమె ఉండబట్టలేక బొమ్మని ఇటు తిప్పింది.

వంతెన లేదు. పొగ లేదు. పాత దారి, గాడిదల బారు, ముందు తెల్లగుర్రం కళ్లెం పట్టుకుని క్రెసెన్సియో.

అదే వంకర ముక్కు. కనుబొమ్మ మీద అదే గాటు. నవ్వాలా వద్దా అన్నట్టుండే అవే కళ్లు.

"వచ్చావా," అంటూ బావురుమంది.

ఏడుస్తూనే కోపం తెచ్చుకుంది.

"తెలివితక్కువవాడు! గంటగుర్రం మీద మనిషిని ఎక్కించాడేమిటి?"

గంటగుర్రం అలిసి ఆగితే బారంతా ఆగిపోతుంది. అందుకే గాడిదలు తోలేవాళ్లెవరూ దాని మీద మూటైనా వెయ్యరు. పెళ్లినాడు తను ముచ్చటపడి అడిగినా క్రెసెన్సియో ఎక్కనివ్వలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని దగ్గరికి వంగింది.

గుర్రం మీద ఒక మనిషి, క్రెసెన్సియో దుప్పటే కప్పుకుని వాలిపోయి ఉన్నాడు. ముఖం ఆ బొమ్మలాయనదే. గడ్డమే ఇంకా నెరవలేదు.

యులాలియా గడప దాటి పరుగెత్తింది. బండి అప్పటికే వంతెన దాటేసింది.

క్రెసెన్సియో తన జన్మలో ఆ గుర్రం ఎక్కించింది ఒక్కణ్ణే, జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడున్న ఆ సర్వేమనిషిని.