మూడు ఆసులు

మహిమను చూడవచ్చిన నాలుగో అబ్బాయి ముందు కూడా ఆమె తండ్రి అనిల్ కుమార్ పేకముక్కలు తెచ్చి పెట్టాడు.

ప్రార్థనతో మొదలు కావాల్సిన పెళ్లిచూపులు పేకాటతో మొదలయ్యేది బెల్లంపల్లిలో ఆ ఒక్క ఇంట్లోనే. అదీ చర్చి పెద్ద ఇంట్లో. ఆయన గోల ఆయనది. బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో ఏ ముక్క ఎవరికి పడాలో తన వేళ్లే చెప్పేవని ఇప్పటికీ అంటాడు. అంత చేతివాటం ఉన్న మనిషి జీతం మాత్రం ఏనాడూ ఇల్లు చేరలేదు. భార్య మగ్దలేనమ్మ మెడలోదీ, చెవులవీ ఆటకే పోయాయి. ఆ తర్వాత రక్షణ పొంది మానేశాడు. ఏటా చర్చిలో సాక్ష్యం చెప్పి ఏడుస్తాడు.

"అవ్వ పడ్డ తిప్పలు నేను పడ బాపూ. నువ్వు చూసినోన్నే చేసుకుంట. పత్తాలాడెటోడు మాత్రం నాకొద్దు" అని మహిమ ముందే తేల్చి చెప్పింది.

అందుకే ఈ పరీక్ష. మంచి ముక్కలు పడితే పేకాటగాడు తన గుణం దాచుకోలేడని ఆయన నమ్మకం. అందుకని వచ్చినవాడికి మూడు ఆసులు పడేలా తనే పంచుతాడు. మూడు ముక్కలాటలో వాటిని మించినవి లేవు. పైసలు పెడితే పాపం కాబట్టి పందేనికి చింతగింజలు. ఒక్కసారికి రెండు గింజలే, అంతకు మించి పెట్టకూడదు.

ఆ రెండు గింజలకే ముందొచ్చిన వాళ్ల బండారం బయటపడింది. ఒకడు ముక్కను ముక్క చాటు నుంచి మెల్లగా జరుపుతూ చూశాడు. ఇంకొకడు చూడకుండానే ఆడతానన్నాడు. మూడోవాడికి చింతగింజల కోసం చెమటలు పట్టాయి. థూ, వీళ్లూ ఒక మనుషులేనా!

ఈ నాలుగోవాడు బెంజమిన్. భైంసాలో పత్తి మిల్లు సూపర్‌వైజర్. అనిల్ కుమార్ ముక్కలు పంచాడు. బెంజమిన్ వాటిని పెళ్లిపత్రిక పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒకటి జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు.

"అంకుల్, గిండ్ల రాజు లేడు, రాణి లేదు. అన్ని ఒంటిచుక్కయే. నేను ఓడిపోయినట్టేనా?"

అడిగి, మూడు ఆసులనూ చాప మీద వెల్లకిలా పరిచాడు.

అనిల్ కుమార్‌కు నవ్వాగలేదు. ఇంత మొద్దు ముఖాన్ని ఆయన జన్మలో చూడలేదు. పాత రోజుల్లో అయితే ఇలాంటివాడిని ఒంటి మీది చొక్కాతో సహా గెలుచుకునేవాడు.

"పత్తాలు ఎన్నడన్న ముట్టినవా బాబూ?"

"లేదంకుల్. మా అమ్మ కొడతది."

తలుపు చాటున మహిమ నవ్వుకుంది. ఇన్నాళ్లకు ఆమె గుండె కుదుటపడింది.

మగ్దలేనమ్మ భర్తను వంటింట్లోకి పిలిచింది. "పిలగాడు జర ఎడ్డోని లెక్కున్నడు కదనయ్యా?"

"ఎడ్డోడైతేనే బిడ్డ సుఖపడ్తది. తెలివిగల్లోన్ని చేసుకొని నువ్వేం బాగుపడ్డవ్?" అన్నాడాయన. ఆమె పాయసం గిన్నెలు అందుకుంది.

అక్కడికక్కడే మాట ఖాయమైంది. ప్రార్థన చేశారు. పాయసం తిన్నారు. ముక్కలను పొయ్యిలో వేసి, ఇక వీటితో పని లేదన్నాడు అనిల్ కుమార్.

సందు మలుపు తిరిగాక బెంజమిన్ బండి ఆపి, భైంసాలో ఉన్న దోస్తు నరేశ్‌కు ఫోన్ కలిపాడు.

"పిల్ల ఖాయమైందిరా, గని మా మామ మూడు ఆసులు కట్ట అడుగు నుంచి గుంజి నాకేసిండు, గసోంటి చెయ్యితోని మన పత్తాల టేబుల్ మీద కూసుంటే రెండో ఆటకే మెడవట్టి బయటికి తోల్తుంటిమి."