గోరంత అతుకు

కాలువలో పడ్డ బస్సులోంచి బయటికి లాగి ఆసుపత్రిలో చేర్పిస్తే, విద్వాంసుడు కళ్ళు తెరుస్తూనే అడిగిన మొదటి మాట, "నా ఫిడేలేది?"

భార్యకు ఒళ్ళు మండింది. రెండు పక్కటెముకలు విరిగాయి, తలకు ఏడు కుట్లు పడ్డాయి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన పెళ్ళాం ఎదురుగా నిలబడి ఉంది. ఈయనగారికి ఫిడేలు కావాలి.

"మంచం కింద ఉంది. మనిద్దరికంటే అదే నయంగా ఉంది," అంది.

ఫిడేలు పెట్టెను కాపాడింది పక్క మంచం మీది ముసలాయనేనని నర్సు చెప్పింది. అదే బస్సులో ప్రయాణం చేశాడట. మెడలోతు నీళ్ళలో, మునిగిన పెట్టెను పైకి తీసి నెత్తిన పెట్టుకుని, తాడు వేసేదాకా కదలకుండా నిలబడ్డాడట. అప్పుడు మింగిన నీళ్ళకే ఇప్పుడు దగ్గుతున్నాడు.

ఫిడేలు విద్వాంసుడు పొంగిపోయాడు. మీ మేలు ఈ జన్మలో మరిచిపోనన్నాడు.

పెట్టె తెరిచేదాకా మరిచిపోలేదు కూడా.

నాలుగు తీగలూ ఊడదీసి చుట్టలు చుట్టి ఉన్నాయి. తీగలను ఎత్తి పట్టుకునే చెక్క బ్రిడ్జి చేతిరుమాల్లో మూటగట్టి ఉంది.

"ఎవరు చేశారీ పని?"

"నేనే బాబూ," అన్నాడు ముసలాయన. "మీకు స్పృహ లేదు. నీళ్ళు తగిలాక తీగలు బిగువుగా ఉంచితే..."

"ఇరవై ఆరేళ్ళుగా నేను తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇదిగో, మా ఆవిడ కూడా."

"దుమ్ము కూడా తుడవనివ్వరు," అంది భార్య.

ఆయన బాధ ఆయనది. పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఫిడేలు అది. చేసినవాడి పేరున్న కాగితం ఎప్పుడో ఊడిపోయింది. కానీ ఆ గొంతు ఇంకో ఫిడేలుకు లేదు. అది పోతే తన పని అయిపోయినట్టేనని ఆయన భయం.

అంత భయంలో ఉన్న మనిషికి ముసలాయన చెవిలో జోరీగ అయ్యాడు. కిటికీ దగ్గర పెట్టకండి, ఎండ తగులుతుంది. ఫ్యాను కింద పెట్టకండి, ఆరితే నెమ్మదిగా ఆరాలి. గుడ్డతో రుద్దకండి. పది రోజులదాకా తీగలు ఎక్కించకండి. ఒక సలహా, నాలుగు దగ్గులు, మళ్ళీ ఒక సలహా. మందు వేసుకోమని నర్సు చెబితే మాత్రం ఆయనకు వినపడదు.

"మీకు ఫిడేలు వాయించడం వచ్చా?" అని ఒక మధ్యాహ్నం విద్వాంసుడు పళ్ళు కొరుకుతూ అడిగాడు.

"రాదు బాబూ. రాదు గానీ..."

"రానప్పుడు ఊరుకోండి."

ముసలాయన ఊరుకున్నాడు. పూర్తిగా ఒక గంట.

తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడు. బాగుచేసే మేస్త్రి పై పలక తీస్తే, లోపల ఎడమపక్క బొటనవేలి గోరంత అతుకు ఉంటుంది, దాన్ని పీకెయ్యొద్దని చెప్పండి, నాని ఊడినా సరే, మళ్ళీ అదే ముక్క అతికించమనండి, అన్నాడు.

"మూసి ఉన్న ఫిడేలు లోపల ఏముందో మీకెలా తెలుసు? కలలో కనిపించిందా?"

జవాబు వినే ఓపిక ఆయనకు లేకపోయింది. నర్సును పిలిచి, ఈయన మంచం మార్చండి, లేదా నా మంచం మార్చండి, నా తల ప్రాణం తోకకొస్తోంది, అన్నాడు.

పై అంతస్తులో ఖాళీ ఉంది. ముసలాయన్ని మంచంతో సహా తోసుకుపోతుంటే, గుమ్మం దగ్గర ఆపమని చెయ్యి ఎత్తాడు.

"తీగలు ఎక్కించాక ఒక్కసారి వినిపిస్తారా బాబూ?"

"మీరు చేసిన పనికి అది అసలంటూ పలకాలిగా."

మంచం వెళ్ళిపోయింది. వార్డు ప్రశాంతంగా ఉంది. విద్వాంసుడు చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

ఇంటికి పంపేరోజు నర్సే చెప్పింది, పై అంతస్తు ముసలాయన నిన్న పొద్దున పోయాడని. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గలేదట. అయ్యో పాపం అనుకున్నాడు విద్వాంసుడు. నిజంగానే అనుకున్నాడు. పేరైనా అడగలేదే అనిపించింది. కానీ ఆ పూట ఆయన మనసంతా ఫిడేలు మీదే ఉంది. సరాసరి వాయిద్యాలు బాగుచేసే మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు.

మేస్త్రి పెట్టె తెరిచి, చుట్టలు చుట్టిన తీగలు చూసి తల ఊపాడు.

"ఎవరు విప్పారో గానీ దీని ప్రాణం నిలబెట్టారు. లోపల జిగురంతా నానిపోయింది. తీగల బిగువు అలాగే ఉంటే మెడ ఊడి చేతికొచ్చేది."



మేస్త్రి పలచటి కత్తి దూర్చి, పై పలకను నెమ్మదిగా లేపి వెల్లకిలా తిప్పాడు. ఎడమపక్క, బొటనవేలి గోరంత అతుకు.

"అదేమిటి?" అన్నాడు విద్వాంసుడు.

"చెక్కేటప్పుడు ఉలి కాస్త లోతుకు దిగినట్టుంది. చిల్లు పడితే అతుకేసి మూసేశాడు. పీకేసి కొత్తది వెయ్యనా?"

"వద్దు. దాన్ని పీకొద్దన్నాడు."

మేస్త్రి వింతగా చూశాడు.

"ఎవరన్నారండీ? ఈ పలక ఇవాళే మొదటిసారి తెరిచాం. ఇది మొదట పెట్టిన జిగురే. ఈ అతుకు సంగతి దీన్ని చేసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు."



తన చేత్తో చేసిన ఫిడేలును ఒక్కసారి వింటానని అడిగిన మనిషిని, విద్వాంసుడు మంచంతో సహా బయటికి తోయించాడు.