మూడో సీలు

"లీకున్నదని ఎరుకయ్యే నాకు అంటగట్టిండన్నా! పెండ్లాం అన్న గాకుంటే పోలీస్ స్టేషన్ల కూసుండవెడుదును!"

స్టేషన్ ఘన్‌పూర్‌లో సదానందం మెకానిక్ షెడ్డు ముందు సారంగపాణి గొంతు రైలు కూతను మించిపోయింది. అతని ట్రాక్టర్ వెనక పత్తి కట్టె కొట్టే కట్టర్ వేలాడుతోంది. దాని గేర్‌బాక్స్ కింది నుంచి నల్లటి ఆయిల్ బొట్లు బొట్లుగా మట్టిలో పడుతోంది. రెండు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, భార్య రమకు అన్నయిన మొగిలి దగ్గర. అతని ఊళ్లో మెకానిక్ ఇప్పటికి రెండుసార్లు ఆయిల్ సీల్, షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా పట్టే రబ్బరు రింగు, మార్చాడు. రెండుసార్లూ వారం తిరక్కుండానే మళ్లీ కారింది.

"మొగిలేమంటాండు?" కట్టర్ కిందికి దూరుతూ అడిగాడు సదానందం.

"నాలుగేండ్లు నడిపిన, సుక్క కారలేదంటాండు. నా కాడికి రాంగనే కారుడు షురువైందంటే నేను నమ్మాల్నట!"

వెల్డింగ్ పని మీద వచ్చి బెంచీ మీద కూర్చున్న ఇద్దరు రైతులు నవ్వారు. ఆ నవ్వుతో సారంగపాణికి ఇంకా ఊపొచ్చింది. ఇంకో నాలుగు మాటలు తిట్టబోతుంటే ఫోన్ మోగింది. రమ. పొద్దుటి నుంచి ఇది ఐదోసారి.

"ఏందే?"

"పదకొండున్నరకు లగ్గమయ్యా. ఒక్కగానొక్క మేనకోడలు. జర నన్ను పోనియ్యి, నీ కాల్మొక్కుత."

"మీ అన్న మోసం ఒప్పుకున్ననాడు పో. అందాక గడప దాటితే మల్ల ఈ గడప తొక్కకు."

ఫోన్ కట్ చేసి జేబులో పడేసుకున్నాడు. తను అడిగిందేమైనా గొంతెమ్మ కోరికా? ఒక్క మాట. చేసింది ఒప్పుకుంటే అయిపోయె!

అరగంట కాకముందే షెడ్డు ముందు బైక్ ఆగింది. దిగింది మొగిలి. ఆ సమయానికి పెళ్లి పందిట్లో ఉండాల్సిన పిల్ల తండ్రి. నొసట పెద్ద బొట్టు, కట్టుకున్న కొత్త ధోవతి అంచంతా దుమ్ము.

"బావా, చెల్లెను తోలియ్యి. అత్త రానిదే పీటల మీద కూసోనని పిల్ల ఏడుస్తాంది. మిషన్ సంగతి రేపు మాట్లాడుకుందాం."

"రేపెందుకు? ఇప్పుడే చెప్పు. లీకున్నదని నీకు ఎరుకేనా, కాదా?"

"ఐనవోలు మల్లన్న మీద ఒట్టు, నాకు..."

మొగిలి ఆగిపోయాడు. ఫోన్ తీసి టైం చూసుకున్నాడు. పదిన్నర దాటింది.

"ఎరుకే," అన్నాడు.

"ఇనవడలే."

"ఎరుకే బావా. ఎరుకయ్యే నీకు అంటగట్టిన. తప్పు నాదే."

"గా కూసున్నోళ్లకు గూడ చెప్పు."

యాభై దాటిన మనిషి, ఆ పూట ఊరంతటికీ అన్నం పెడుతున్న మనిషి, ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరి వైపు తిరిగి చేతులు జోడించి అదే మాట మళ్లీ చెప్పాడు. ఈసారి వాళ్లు నవ్వలేదు. ఒకతను తల పక్కకు తిప్పుకున్నాడు. సారంగపాణికి మాత్రం రెండు నెలల కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. అప్పటికప్పుడు రమకు ఫోన్ కలిపాడు.

"మీ అన్న ఒప్పుకున్నడు. నిన్ను తీస్కపోను వస్తాండు. పో."

"మా అన్న ఒప్పుకున్నడా?" అంది రమ.

మొగిలి బైక్ ఎక్కాడు. అంత అవమానంలోనూ "నువ్వు గూడ రా బావా" అని పిలవడం మరిచిపోలేదు.

"పని అయినంక జూస్త," అన్నాడు సారంగపాణి, కాలు మీద కాలేసుకుని. తర్వాత అందరికీ చాయ్ తెప్పించాడు. గెలిచినవాడి నోటికి ఏ చాయ్ అయినా తియ్యగానే ఉంటుంది మరి!

సదానందం చాయ్ ముట్టుకోలేదు. సీల్ ఊడదీశాడు. షాఫ్ట్‌ను గుడ్డతో తుడిచి, గోటితో చుట్టూ గీసి చూశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. బేరింగ్ పట్టి ఊపాడు. కదల్లేదు.

"ఇదేందే? షాఫ్ట్ అద్దం లెక్కున్నది. సీల్ గూడ మంచిగనే ఉన్నది. మరి మొగిలి ఏం ఒప్పుకున్నట్టు?"

"ఒప్పుకున్నంక ఇంకేం జూస్తవన్నా! మూడో సీల్ ఎయ్యి, పోతా."

"మూడు గాదు, ముప్పై ఏసినా కారుతది, ఎందుకు కారుతాందో తెల్వకుంటే."

సదానందం లేచి నిలబడి గేర్‌బాక్స్ నెత్తి మీద చూశాడు. అక్కడ చిన్న మూత ఉంటుంది, మూతకు సూది దూరేంత రంధ్రం ఉంటుంది. లోపల వేడెక్కిన గాలి బయటపడే దారి అదొక్కటే. మూత ఉంది గాని రంధ్రం కనిపించలేదు. సదానందం తీగ ముక్క తీసుకుని గీకడం మొదలుపెట్టాడు.

"ఊపిరాడకుంట జేసిండ్రు గదనే! ఈ బొక్క బందయితే లోపలి గాలి ఏడికి పోతది? సీల్‌ను తన్నుకొని ఆయిల్‌ను బయటికి నూకుతది. మిషన్ల ఏ తప్పూ లేదు."

"గదే గదన్నా నేను మొత్తుకునేది!" సారంగపాణి బెంచీ మీద నుంచి దిగ్గున లేచాడు. "ఆ బొక్క మూసింది గూడ మొగిలే!"

సదానందం తీగ కొసకు అంటిన ముద్దను అతని కళ్ల ముందుకు చాపాడు. అడుగున పొరలు పొరలుగా ఎండిపోయి ఉంది. పైపొర ఇంకా పచ్చిగా ఉంది, పసుపు మీద కుంకుమ.

"ఇది ఇయ్యాల్టిదే. శుక్రారం శుక్రారం మిషన్‌కు బొట్టు వెడుతున్నదెవలే?"

సారంగపాణి ఉంగరం వేలికి పొద్దుటి పసుపు ఇంకా అంటుకునే ఉంది.