గ్యాసు గది మొనగాడు

"రేపట్నుంచి గ్యాసు గది నాదేనే రత్తీ!"

ఆ మాటంటూనే నాగులు ద్వారబంధం పట్టుకుని ఆగిపోయాడు. కాలవ గట్టెక్కి వచ్చిన ఆయాసం కాస్త తీరాక లోపలికెళ్లి నులకమంచం మీద కూలబడ్డాడు.

రత్తమ్మ వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. ముక్కూ మూతీ కలిపి కొంగు చుట్టుకుంది.

"ఆ ముసుగేంటే?"

"పొయ్యి పొగ మావా. గ్యాసు గది నీకెవరిచ్చారు?"

"ఇంకెవరు, ఐసు ఫ్యాక్టరీ ఓనరు వెంకటప్పయ్యగారే! ఇవాళ ఆ గదిలో ఐసు గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసు గొట్టం లీకయింది. అందరూ ముక్కులు మూసుకుని రోడ్డు మీదకి ఉరికారు. నేను నింపాదిగా వెళ్లి వాల్వు కట్టేసొచ్చా. కళ్లు మండాయంతే. 'నీవి ఇనప తిత్తులురా నాగులూ' అన్నారాయన."

"కిందటేడు ఆ గ్యాసు పీల్చేగా పెద్దాసుపత్రిలో పడుకున్నావు? డాక్టరుగారు ఏం చెప్పారు? తడి తగిల్తే అది సున్నంలా కాలుస్తుందన్లా? ఊపిరితిత్తుల నిండా తడే. కాలినచోట మచ్చకట్టి బిగుసుకుపోద్ది, మళ్లీ మెత్తబడదన్నారు. వాసన తగిలీ తగలగానే పరిగెత్తమన్నారు."

"అప్పటి మాటలే అవి! ఇప్పుడు ఒంటికి అలవాటైపోయింది. ఉప్పెనకే చావనోణ్ని, గ్యాసుకి చస్తానా?"

దివిసీమ ఉప్పెన ఇల్లూ పడవా ఊడ్చుకుపోయాక ఇద్దరూ కట్టుబట్టలతో బెజవాడ చేరారు. అతను ఐసు ఫ్యాక్టరీలో కుదిరాడు. ఆమె చేపల గంపతో గవర్నర్‌పేట వీధులు తిరుగుతోంది.

"ఉప్పెనలో నిన్ను జుట్టు పట్టి లాగింది నేను. ఈసారీ వదల్ను" అంది రత్తమ్మ.

చాట తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటి తెరేసమ్మ గుమ్మంలో తల పెట్టింది. "యేసయ్యా!" అంటూ ముక్కు మూసుకుని, చాట అక్కడే పడేసి పోయింది.

నాగులు పడీపడీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకుని, "నా చొక్కాకి పట్టిన గ్యాసు కంపే అది! తెరేసమ్మక్క గుమ్మం కూడా దాటలేకపోయింది. నేను చూడు, రాయిలా ఉన్నా!" అన్నాడు.

పిల్లి ఒకటి మంచం కిందికి దూరబోయింది. రత్తమ్మ చీపురు విసిరి తరిమింది.

"అసలు నీకు వాసన తెలుస్తోందా మావా?"

"ఎందుకు తెలీదు? సన్నజాజులు పెట్టుకున్నావుగా, ఘుమఘుమలాడుతున్నాయి."

"చూసి చెబుతున్నావు."

"పందెమా?"

"పందెమే. నీ ముక్కు పనిచేస్తే ఆ గ్యాసు గదికి నేనే అన్నం మోసుకొస్తా. పనిచేయకపోతే నీవి ఇనప తిత్తులూ కావు, తాటాకు తిత్తులూ కావు. వట్టి చచ్చిన ముక్కు! రేపట్నుంచి ఫ్యాక్టరీ మొహం చూడకూడదు. నాతో గంప మొయ్యాలి."

"గంగమ్మ తల్లి మీద ఒట్టు!" తొడ చరిచాడు నాగులు. "పెట్టవే పరీక్ష. గంతలు కట్టినా సరే!"

"అక్కర్లేదు. అయిపోయింది."

"ఎప్పుడూ?"

రత్తమ్మ లేచి లోపలికొచ్చింది. అతను కూర్చున్న మంచం కిందికి వంగింది.

కుళ్లి నీరుకారుతున్న చేపల గంపను బయటికి లాగింది.