సున్నాలు రాలకముందే

మా ఆయన పోయాక బడికెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. చెయ్యి నిదానం, అందుకే కథ కూడా చిన్నదే.

* * *

"ఇదిగో ఉస్తా, మిలియన్ లీరాలు," అంటూ బెకిర్ రొట్టెల కొట్టు బల్ల మీద ఒకే ఒక్క నోటు పెట్టాడు. "సానియెని నాకివ్వండి."

వరుసలో నిలబడ్డవాళ్లంతా బల్లవైపు మెడలు చాచారు. బల్ల వెనకున్న సానియె చేతిలో రొట్టె జారి బుట్టలో పడింది. ఇరవై మూడేళ్లుగా ఈ మనిషి ఆ గడప తొక్కలేదు.

సానియె తండ్రి, రొట్టెల మేస్త్రి ఇల్యాస్ ఉస్తా బట్టీ దగ్గరనుంచి పొడవాటి తెడ్డుతోనే వచ్చాడు. పొద్దున పిండి కోసమని వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చినప్పటినుంచీ ఆయన చిరాగ్గానే ఉన్నాడు.

"రెండు రొట్టెల డబ్బు పట్టుకొచ్చి నా కూతుర్ని అడుగుతావుట్రా?"

"మీరు ఒట్టేసింది మిలియన్‌కే. ఇదే బల్ల దగ్గర, రొట్టె మీద చెయ్యి పెట్టి. 'నా అరచేతిలో మిలియన్ పెట్టినవాడికే పిల్లనిస్తాను, మాట తప్పితే ఈ రొట్టె ఉసురు నాకు తగలాలి' అన్నారు."

"అప్పుడు మిలియన్ అంటే ఇల్లొచ్చేదిరా!"

"నేను కూడబెట్టేసరికి ధరలు పెరిగి మిలియన్‌కి గొర్రె వచ్చేది. గొర్రె ధరకి పిల్లనడగడానికి మొహం చెల్లలేదు."

వరుసలో వెనకనుంచి మునెవ్వెరత్త నవ్వింది. "మరి రెండు రొట్టెల ధరకి చెల్లిందా నాయనా?"

"చెల్లలేదత్తా. కానీ రేపు కొత్త సంవత్సరం. ప్రభుత్వం నోట్ల మీద ఆరు సున్నాలు కొట్టేస్తోంది. రేపట్నుంచి ఈ నోటు ఒక్క లీరా. మళ్లీ మిలియన్ సంపాదించాలంటే నా మినీబస్సు చందమామ దాకా పోయి రావాలి."

అందరూ గొల్లుమన్నారు. సానియె నవ్వలేదు. ఈ రాత్రి గడిస్తే ఆ ఒట్టు ఇక తీరేది కాదు. ఆమెకి నలభై రెండేళ్లు. వచ్చిన సంబంధాలన్నీ కాదంది. తండ్రి ఒక్కసారీ కసరలేదు. అలాగని కోపంలో వేసిన ఒట్టునీ వదులుకోలేదు. నేలమీద పడ్డ రొట్టెముక్కని ముద్దుపెట్టుకుని గోడమీద పెట్టే మనిషి ఆయన. అలాంటివాడు రొట్టె మీద వేసిన ఒట్టు తప్పుతాడా?

"ఇవ్వకు ఉస్తా!" అన్నారొకరు.

"ఇచ్చెయ్ మామా, ఎన్నాళ్లని!" అన్నారింకొకరు.

"పిల్లనిస్తారో మానేస్తారో, ముందు మా రొట్టెలివ్వండి," అంది మునెవ్వెరత్త.

ఉస్తా కూతురివైపు తిరిగాడు. "నువ్వేమంటావే?"

"రొట్టెలు మాడుతున్నాయి నాన్నా. తొందరగా తేల్చు."

ముసలాయన తెడ్డు గోడకి ఆనించాడు. చెయ్యి తుడుచుకుని ముందుకి చాపాడు. బెకిర్ ఆ అరచేతిలో నోటు పెట్టాడు. ఉస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి ఎత్తి చూశాడు.

"మిలియనే," అన్నాడు వీధంతా వినబడేలా. "నేనన్నదీ మిలియనే. దాంతో ఏమొస్తుందో నేననలేదు. పిల్ల నీదిరా."

చప్పట్ల మధ్య ఎవరికీ మొహం చూపించకుండా బట్టీ దగ్గరికి వెళ్లి, మాడిన రొట్టెలు లాగడం మొదలుపెట్టాడు.

సానియె గుమ్మం దాకా వచ్చి బెకిర్ చొక్కా పట్టుకుంది.

"ఇన్నేళ్లూ నోరు లేనివాడివి. ఇవాళ ఈ తెలివి ఎక్కడినుంచి ఊడిపడింది?"

"తెలివా, నాకా?" అన్నాడు బెకిర్ గొంతు తగ్గించి. "పొద్దున మీ నాన్న నా మినీబస్సు ఎక్కారు. ఛార్జీ అంటూ ఈ నోటు నా చేతిలో కుక్కి, 'రేపట్నుంచి ఇది మిలియన్ కాదురా మొద్దూ' అని దిగిపోయారు."

* * *

సానియె, అరవై మూడేళ్లు. సామ్సున్‌లో, ఆ రొట్టెల కొట్టు మేడ మీదే ఉంటున్నాను.