పదకొండో సాక్షి

"ఆ కుర్చీలో మనిషి ఉన్నారు," అంది బెర్నడీన్.

నిజానికి అందులో ఎవరూ లేరు. కానీ కూర్చోబోయిన ముసలాయన టోపీ మీద రైఫిల్ బొమ్మ ఉంది.

ఆరోజు రాష్ట్ర శాసనసభ వరండా రెండుగా చీలిపోయింది. ఇటు బిడ్డల ఫొటోలు పట్టుకున్న తల్లులు. అటు నల్ల చొక్కాలు వేసుకొచ్చిన తుపాకీ ప్రియులు. పిస్తోలు వెనక తగిలిస్తే ఒక్క నొక్కుకే ముప్పై గుళ్లు కక్కించే బిళ్లల్నీ, ఇళ్లలో చేసుకునే నంబరు లేని తుపాకుల్నీ నిషేధించే బిల్లు మీద విచారణ.

బెర్నడీన్ కొడుకు డెవాంటే బాస్కెట్‌బాల్ ఆడుతూ అలాంటి పిస్తోలుకే బలైపోయాడు.

ముసలాయన అట్టపెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏం అమ్ముతుంటావు?" అనడిగింది.

"అమ్మనమ్మా. నలభై ఏళ్లు తుపాకులు బాగుచేశాను."

"అయితే నీవాళ్లు అటున్నారు. పో."

ఆయనేదో చెప్పబోయాడు. తల్లులంతా ఒక్కసారిగా మీదపడి తిట్టారు. ఆ తోపులాటలో పెట్టె జారి, అందులోంచి బొటనవేలి గోరంత బిళ్ల బెర్నడీన్ బూటు దగ్గరికి దొర్లింది.

అలాంటిదాన్ని ఆమె కొడుకు హత్యకేసులో, కోర్టులో తొమ్మిది రోజులు చూసింది. వెంటనే కాపలావాళ్లను పిలిచింది.

"అది ఉత్తదమ్మా, పనిచెయ్యదు," అన్నాడు ముసలాయన.

"ఆ మాట నా కొడుకు సమాధి దగ్గర చెప్పు."

కాపలావాళ్లు ఆయన్ని రెండు రెక్కలూ పట్టి తీసుకుపోయారు. తల్లులు చప్పట్లు కొట్టారు.

లోపల విచారణలో, బిల్లు గిట్టని సెనేటరు ఒక్కటే అడిగాడు. బిళ్ల తగిలించే వీలు లేకుండా పిస్తోలును ఫ్యాక్టరీలోనే మార్చవచ్చని బిల్లులో రాశారు కదా, అది కుదురుతుందని పని తెలిసినవాళ్లెవరైనా చెబుతారా అని.

 తల్లులు తమ బిడ్డలు ఎలా పోయారో చెప్పగలరు గానీ, అది చెప్పలేరు.

పదకొండో సాక్షి వర్జిల్ స్టానెక్‌ను గుమాస్తా మూడుసార్లు పిలిచాడు. ఎవరూ లేవలేదు.

ఒక్క ఓటు తేడాతో బిల్లు వీగిపోయింది.

బయట, బిల్లు పెట్టిన సెనేటరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు. మనల్ని నట్టేట ముంచిన ఆ స్టానెక్ ఎవరని బెర్నడీన్ కోపంగా అడిగింది.

"ముంచే మనిషి కాదు," అంది సెనేటరమ్మ. "తన మనవడి దగ్గర అలాంటి బిళ్ల దొరికిన రోజే, నలభై ఏళ్లుగా తుపాకులు బాగుచేసిన కొట్టు మూసేసి, ఈ బిల్లులో ప్రతి వాక్యమూ నాకు రాసిచ్చిన ముసలాయన."